మన కాఫీ పొడిలో ఏ గింజ ఎంత: ఈ నెల నుంచి మారేవి

మా షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మన ఫిల్టర్ కాఫీ పొడి ధర పావుకిలోకి 20 రూపాయలు పెరుగుతోంది. దాంతోపాటు ప్యాకెట్ మీద రెండు రకాల కాఫీ గింజల్లో అరబికా ఎంత, రోబస్టా ఎంత, ఏ ఊరి గింజ అన్నదీ అచ్చు వేయిస్తున్నాం. రెండూ ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు ధర సంగతి. ప్రపంచంలో అరబికా ఎక్కువగా పండేది బ్రెజిల్‌లో, రోబస్టా వియత్నాంలో. 2024లో రెండుచోట్లా వానలు ముఖం చాటేశాయి. రోబస్టా ధర ఆ ఏడాదే ఎన్నడూ లేనంత ఎత్తుకి వెళ్లింది, 2025 ఫిబ్రవరికి అరబికాదీ అదే దారి. అక్కడ పెరిగితే కర్ణాటకలోని కొడగులోనూ, మన ఏజెన్సీలోనూ పెరుగుతుంది. రైతుకి నాలుగు డబ్బులు వస్తున్నాయి కాబట్టి అందులో నాకు బాధ లేదు. కానీ మేం కొనే ధర మాత్రం ఇక పాత రేటుకి సరిపోవడం లేదు.

ధర పెంచకుండా ఉండే దారి ఒకటుంది: పొడిలో చికోరీ (వేయించి పొడి చేసిన ఒక రకం వేరు) పెంచడం. కాఫీ కన్నా అది చాలా చవక. పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది రూలు, అంటే 49 దాకా చికోరీ కలపొచ్చు. పైగా డికాక్షన్ ఇంకా నల్లగా, చిక్కగా దిగుతుంది కాబట్టి చాలామంది పసిగట్టలేరు కూడా. ఆ పని చేయదలచుకోలేదు. మన పొడిలో చికోరీ 20 శాతమే, ఇకముందూ అంతే.

ఇక గింజల విషయం. కౌంటర్ దగ్గర తరచూ వినే ప్రశ్న, "ఇది ప్యూర్ అరబికాయేనా అండీ? రోబస్టా కలపలేదు కదా?" అని. పాలల్లో నీళ్లు కలిపారా అని అడిగినట్టే ఉంటుంది ఆ గొంతు. రోబస్టా కలుపుతామండీ. కావాలనే కలుపుతాం.

ఈసారి వచ్చినప్పుడు వేయించని గింజలు రెండు రకాలూ చేతిలో పెడతాను, చూడండి. అరబికా కోలగా ఉంటుంది, నడిమి గీత కాస్త వంకర తిరిగి ఉంటుంది. రోబస్టా గుండ్రంగా ఉంటుంది, గీత తిన్నగా దిగుతుంది. అరబికాలో చక్కెరలు, నూనెలు ఎక్కువ. ఆ సువాసన, సన్నటి పులుపు, నాలుక మీద మిగిలే తీపి అందుకే. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదు ఎక్కువ, నురగ బాగా కడుతుంది, డికాక్షన్‌కి బరువు వస్తుంది. ఇప్పుడు మనం కాఫీ ఎలా తాగుతామో చూడండి. మరిగిన చిక్కటి పాలు, అందులో రెండు చెంచాల చక్కెర. లేత వేపుడు అరబికా ఒక్కటే వేస్తే దాని సువాసన పాలలో మునిగిపోతుంది, చివరికి "ఇవాళ కాఫీ పల్చగా ఉందేంటి?" అంటారు ఇంట్లో. పాలకి ఎదురు నిలిచేది రోబస్టాయే.

మరి రోబస్టాకి చెడ్డపేరు ఎందుకొచ్చింది? చాలావరకు ఆరబెట్టే తీరు వల్ల. పండిందీ పండనిదీ ఒక్కసారే దూసేసి, పండుతో పాటే కళ్లంలో కుప్పగా పోసి వదిలేస్తే మట్టి వాసన, పులిసిన వాసన పడుతుంది. అరబికాని అలా చేసినా అంతే. ఎర్రటి పండ్లే ఏరి, తొక్క తీసి, కడిగి, పలచగా ఆరబోసిన రోబస్టా శుభ్రంగా ఉంటుంది. దాన్ని రోబస్టా పార్చ్‌మెంట్ అంటారు, ధర ఎక్కువే. మేం తెచ్చేది అదే. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కేరళలోని వయనాడ్ రోబస్టాకీ వచ్చింది, ఆ మాట మనవైపు ఎవరూ చెప్పుకోరు.

"మొత్తం అరకుదేనా?" అని కూడా అడుగుతారు. కాదు. మన అరకు, పాడేరు, చింతపల్లి వైపు గిరిజన రైతులు పండించేది దాదాపు అంతా అరబికాయే. అరకులో 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి పెంచుతారు. అరబికా సుకుమారం, చల్లదనం కావాలి, ఆకు తుప్పు తెగులు, కాండం తొలిచే పురుగు తేలిగ్గా పడతాయి. రోబస్టా కాస్త కిందనే, వేడికి ఓర్చుకుని పెరుగుతుంది. మనది కొడగు నుంచి వస్తుంది. కాబట్టి ప్యాకెట్ మీద ఇలా ఉంటుంది: 100 గ్రాముల్లో అరకు అరబికా 52, కొడగు రోబస్టా 28, చికోరీ 20. లైబీరికా, ఎక్సెల్సా అని ఇంకో రెండు రకాలున్నాయి గానీ మన దగ్గర అమ్మం.

పాలు లేకుండా తాగేవాళ్లకి చికోరీ లేని అరకు అరబికా విడిగా ఉంది. ఒక్కసారి చక్కెర వేయకుండా తాగి చూడండి, మన కొండల్లో ఎంత మంచి కాఫీ పండుతోందో అప్పుడు తెలుస్తుంది.

ఇంకో మాట. సముద్రపు గాలికి మన ఊళ్లో పొడి తొందరగా చెమ్మ పడుతుంది, చికోరీ ఉంటే మరీను, గడ్డ కడుతుంది. కిలో ఒకేసారి కొనకండి. పావుకిలో తీసుకుని, మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి, తడి చెంచా తగలకుండా చూసుకోండి. అమ్మేవాణ్ణి నేనే చెప్తున్నాను.

పాత ప్యాకెట్లు కొన్ని మిగిలాయి, అవి అయిపోయేదాకా పాత ధరకే ఇస్తాం. రోబస్టా వద్దనే వాళ్లు, ఇంకొంచెం ఎక్కువ కావాలనే వాళ్లు కౌంటర్‌లో చెప్తే, అరకిలో పైన ఎంతైనా మీరు చెప్పిన పాళ్లలో అప్పటికప్పుడే ఆడించి ఇస్తాం. దానికి అదనంగా ఏమీ తీసుకోం.