ఉచిత గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు: జమా ఖర్చుల వివరణ

శిబిరం ముగిసింది, లెక్కలు తేలాయి. చందాలిచ్చిన వారందరి ముందు వాటిని పెట్టడం కమిటీ బాధ్యత. సులువుగా అర్థమయ్యేందుకు మొత్తం జమను 100 భాగాలుగా తీసుకుని చెబుతున్నాం. రశీదులతో సహా అసలు అంకెలు చిట్టా పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా అడిగి చూడవచ్చు.

జమలో 58 భాగాలు చిన్న చందాల ద్వారా వచ్చాయి. ఇద్దరు దాతలు 30 భాగాలు ఇచ్చారు. తమ పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మిగిలిన 12 పాత నిల్వ. వైద్యులు పారితోషికం తీసుకోలేదు. వారి సేవకు వెలకట్టి జమలో చూపడం మాకు సరైనదిగా అనిపించలేదు.

ఖర్చులో పెద్దది పరీక్ష కిట్లు, ల్యాబు: 41 భాగాలు. ఇంతకంటే చవకైన పద్ధతి లేకపోలేదు. ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూస్తారు. అయితే ఆ ఫలితం చూసేవారి అనుభవం మీద ఆధారపడుతుంది. ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన హెచ్‌పీవీ అనే వైరస్ ఉందో లేదో చూసే పరీక్షను మొదటి పరీక్షగా వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అందులో వైరస్ లేదని తేలితే సాధారణంగా కనీసం 5 ఏళ్ల దాకా మళ్లీ పరీక్ష అవసరం ఉండదు. 30 నుంచి 49 ఏళ్ల మహిళలకు ఈ పరీక్షే చేయించాం.

తర్వాతి పద్దు మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. ఫలితం తేడాగా వచ్చిన వారి తదుపరి పరీక్షలకు, చికిత్సకు, రాకపోకలకు 27 భాగాలు అయ్యాయి. ఆ డబ్బుతో ఇంకెందరికో పరీక్షలు చేయించవచ్చు కదా అని కొందరు దాతలు అడిగారు. చేయించవచ్చు. కానీ వైరస్ ఉందని చెప్పి చేతులు దులుపుకుంటే, ఆ మనిషిని భయంలోకి నెట్టినట్లే. హెచ్‌పీవీ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. చాలామందిలో అది దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిన వారిలో కూడా కణాల్లో వచ్చిన మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధిలో పట్టుకుంటే చికిత్స చాలా చిన్నది.

ఒకావిడ విషయం ఆవిడ అనుమతితోనే రాస్తున్నాం. తోడికోడలికి తోడుగా వచ్చారు, తనకు మాత్రం పరీక్ష వద్దన్నారు. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో తెర కూడా సరిగా వేయకుండా, ఏం చేస్తున్నారో చెప్పకుండా నమూనా తీసుకున్నారట. ఫలితం కోసం వెళితే, ఏమైనా ఉంటే మేమే పిలుస్తామని కసిరి పంపారట. ఎవరూ పిలవలేదు. అంతా బాగుందనుకోవాలో, కాగితమే పోయిందనుకోవాలో తెలియక అప్పటి నుంచి ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు.

మా నర్సు ఆవిడను బలవంతపెట్టలేదు. “నమూనా మీరే తీసుకోవచ్చమ్మా, ఇదిగో ఈ పుల్లతో” అని చూపించారు. “ఫలితం ఎవరు చెబుతారు?” అని ఆవిడ అడిగితే కార్డు మీద తేదీ వేసి, కింద తన పేరు, ఫోన్ నంబరు రాసిచ్చారు. ఆ తేదీకి ఫోన్ వెళ్లింది. వైరస్ ఉందని తేలడంతో రెండో పరీక్షకు వచ్చారు. వాడబోయే పరికరాన్ని ముందు ఆవిడ చేతికే ఇచ్చి చూడమన్నారు. నొప్పి అనిపిస్తే చెయ్యెత్తమని వైద్యురాలు చెప్పారు. ఒకసారి ఆవిడ చెయ్యెత్తారు, వెంటనే ఆపారు. మారిన కణాలున్న చోటును వేడితో తొలగించే చికిత్స అదే రోజు, నిమిషాల్లో పూర్తయింది. బయటికి వచ్చాక, ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న రక్తపోటు కూడా చూడమని ఆవిడే అడిగారు.

ఆ కార్డులు, ఫోన్లు, ఫోనుకు అందని వారి ఇళ్లకు వెళ్లి చెప్పిరావడం అన్నీ కలిపి 6 భాగాలు. తెరలు, పరీక్ష బల్ల, దీపం, పరికరాలను శుద్ధి చేసే ఏర్పాట్లకు 5. ఇవి పక్క ఖర్చులని ఎవరైనా అంటే కమిటీ ఒప్పుకోదు. నర్సులకు, తోడుగా వెళ్లిన కార్యకర్తలకు వేతనంగా 14 భాగాలు చెల్లించాం. చికిత్స పరికరాన్ని అద్దె లేకుండా వాడుకోనిచ్చారు. ప్రారంభ సభకు, ప్రచారానికి విడిగా ఏమీ ఖర్చు చేయలేదు.

మొత్తం ఖర్చు 93 భాగాలు, నిల్వ 7. ఈ నిల్వతో వెంటనే మరో శిబిరం పెట్టమని సలహా వచ్చింది. ప్రస్తుతానికి పెట్టలేం. చికిత్స పొందిన వారికి 12 నెలలకు, వైరస్ ఉన్నా రెండో పరీక్షలో మార్పులు కనిపించని వారికి 24 నెలలకు మళ్లీ పరీక్ష చేయాలి. ఆ తేదీలు వారి కార్డుల మీద ఇప్పటికే రాసిచ్చాం. అవి పూర్తయ్యే వరకు ఈ 7 భాగాలను మరే పనికీ తీయకూడదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.