మా ఊరి నర్సమ్మకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను అమలాపురం దగ్గరి పల్లెలో వరి, కొబ్బరి సాగు చేసుకునే రైతును. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఈరోజు నా కుడికాలు నాకు మిగిలిందంటే అది మా ఆరోగ్య ఉపకేంద్రం నర్సమ్మ చలవే. ఆ మాట నలుగురిలో చెప్పాలని రాస్తున్నాను.

సార్వా దమ్ములప్పుడు చేలోంచి వచ్చి, కాలువలో కాళ్లు కడుక్కుని, బీపీ చూపించుకోవడానికి వెళ్లాను. గచ్చు మీద నా అడుగుల వెంట రక్తం కనిపించింది ఆ తల్లికి. అరికాల్లో నత్తగుల్ల ముక్క లోతుగా దిగింది. నాకు చీమ కుట్టినట్లయినా లేదు. "నొప్పేమీ లేదమ్మా" అన్నాను. "అందుకే నాకు భయం, బాబాయ్ గారూ" అంటూ కట్టు కట్టి, మా అబ్బాయికి ఫోను చేసి, ఆ పూటే పట్నం పంపించింది.

అక్కడి డాక్టరుగారు నన్ను కళ్లు మూసుకోమని, పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనించారు. వేళ్ల కింద ఒక్కచోటా తెలియలేదు. "కాలువలో నీరు తగ్గితే ముందు ఎండేది శివారు చేలే కదా" అన్నారు. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు, వాటికి రక్తం అందించే సన్న నాళాలు పాడవుతాయట. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలవి కాబట్టి తిమ్మిరి, మంటలు వేలికొసల్లోనే మొదలవుతాయట. రక్తంలో విటమిన్ బి12 కూడా తక్కువని తేలింది. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడేవారికి అలా తగ్గవచ్చట. ఇంజెక్షన్లు చేశారు, రాత్రి మంటలకు మాత్ర ఇచ్చారు. పోయిన స్పర్శ వస్తుందని మాత్రం ఆశపెట్టలేదు. చక్కెర అదుపులో పెట్టి ఉన్నది కాపాడుకుందామన్నారు. ఆ నిజాయితీకి నా నమస్కారం.

తిమ్మిరి పోతుందని నేను రోజూ వేడినీళ్ల కాపడం పెట్టుకునేవాణ్ణి. స్పర్శ లేని కాలు బొబ్బలెక్కినా తెలియదని ఎవరూ చెప్పలేదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఇప్పుడు నీళ్ల వేడి మా ఆవిడ మోచేత్తో చూసి చెబుతుంది. రాత్రి టార్చి పట్టుకుని వేళ్ల సందులు కూడా వెతుకుతుంది. ఆమెకు ఏమని కృతజ్ఞత చెప్పను!

కాగితం మీద నా పాదం గీసుకుని, ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఓపికగా కుట్టిచ్చిన తమ్ముడికీ రుణపడ్డాను. ఇంట్లో కూడా అవి విడవడం లేదు. ద్రాక్షారామం వెళ్లినా రాళ్లు కాగకముందే దర్శనం చేసుకుని వచ్చేస్తున్నాను.

నర్సమ్మా, రెండు నెలలకు పుండు పూర్తిగా మానింది. కోతలకు గట్టు మీద నడిచి వెళ్లాను. మా చెట్ల కాయలు పంపుతున్నాను, కాదనవద్దు.