మంత్రి గారూ, మా తీగల్లో కరెంటు వస్తోంది

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి, కోస్తా జిల్లాల్లో ఆర్కెస్ట్రాలకి బేస్ గిటార్ వాయించే కొందరం నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: ఉత్సవ వేదికలకు ఎర్తింగ్. అవునండీ, మళ్ళీ అదే.

అయ్యా,

ఇది నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారం గ్రీవెన్సులో ఇచ్చాం. రసీదులు మా దగ్గరున్నాయి. జవాబులు రాలేదని అబద్ధం చెప్పం, వచ్చాయి. "సంబంధిత శాఖకు పంపడమైనది" అని ఒకటి. ఆ సంబంధిత శాఖ వారు మీటరు దాటాక తమకి పట్టదన్నారు. స్టేజి కట్టేవారు కర్రలూ ప్లైవుడ్డూ వరకే తమవన్నారు. కాంట్రాక్టరు సౌండువాళ్ళని చూపించాడు, సౌండువాళ్ళు జనరేటరు వాళ్ళని చూపించారు. జనరేటరు ఆపరేటరు ఒక్కడే ఉన్నమాట అన్నాడు: "డీజిలు పొయ్యమన్నారు, పోశాను. ఎర్తు సంగతి ఎవరూ చెప్పలేదు." తిలా పాపం తలా పిడికెడు.

కిందటేడు ముగింపు సభలో తమరే మైకు పట్టుకుని, కళాకారుల భద్రత కోసం ఇకపై ప్రతి వేదికకీ పక్కా ఎర్తింగ్ వేయిస్తామన్నారు. గట్టిగా చప్పట్లు కొట్టాం. తమరు మైకు ఒక్కటే పట్టుకున్నారు, రెండో చేతిలో గిటారు లేదు. అందుకే తమరికి ఏమీ తెలియలేదు.

ఉత్సవాల సంగతి తమరికి మేం చెప్పక్కర్లేదు. తీగల సంగతి మాత్రం చెప్పాలి. బేస్ గిటారుకి నాలుగు లోహపు తీగలు. అవి కింద బ్రిడ్జి అనే లోహపు ముక్కకి బిగించి ఉంటాయి. ఆ బ్రిడ్జి కింద నుంచి సన్నని వైరొకటి లోపల జాక్ దాకా, అంటే కేబుల్ గుచ్చే కన్నం దాకా పోతుంది. జాక్ నుంచి కేబుల్ పైతొడుగు మీదుగా ఆంప్ (యాంప్లిఫయర్) బాడీకి, అక్కడ నుంచి ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్నుకి. అంటే వాయించేవాడి రెండు చేతులూ ఆ మూడో పిన్నుని పట్టుకున్నట్టే లెక్క. ఆ పిన్ను వెనకాల భూమి ఉంటే మనిషికి అంతకన్నా రక్ష లేదు. మీ వేదికల మీద ఆ పిన్ను దూరే కన్నం ఉంటుంది, కన్నం వెనక వైరు ఉండదు.

వైరు లేకపోతే ఏమవుతుంది? ఇప్పటి ఆంపులూ, మిక్సర్లూ, కీబోర్డు అడాప్టర్లూ చాలావరకు ఎస్ఎంపీఎస్ అనే స్విచ్చింగ్ రకం పవర్ సప్లై మీద నడిచేవే. వాటి ముందు ఉండే ఫిల్టరులో ఫేజు నుంచి బాడీకి ఒక చిన్న కెపాసిటరు, న్యూట్రల్ నుంచి బాడీకి ఇంకొకటి ఉంటాయి. ఎర్తు లేనప్పుడు ఆ రెంటి మధ్యా చిక్కుకున్న బాడీ సగం వోల్టేజి దగ్గర, అంటే 110, 115 దగ్గర వేలాడుతూ ఉంటుంది. మల్టీమీటరు ఒక మొన తీగ మీద, రెండోది మైకు జాలీ మీద పెడితే ఒకటి రెండు వోల్టులు దాటకూడదు. ఉత్సవ వేదికల మీద 90 కనబడటం మాకు మామూలు. ఇది చురుక్కుమనిపించే రకం, ఆ కెపాసిటర్ల గుండా కరెంటు కొద్దిగానే పారుతుంది గనక మనిషి బతుకుతాడు. ట్రాన్స్‌ఫార్మరు లోపల ఇన్సులేషను పోయిన పాత ఆంపు అయితే అది చురుకు కాదు. ఏ రకమో తెలియాలంటే అదే తీగకీ మైకుకీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టాలి. బల్బు వెలగక, వోల్టేజి టక్కున పడిపోతే అది చురుక్కుమనే చిన్న లీకేజి. బల్బు వెలిగితే గిటారు కింద పెట్టి స్టేజి దిగిపోవాలి. దిగిపోతే ఏమవుతుందో తమరికి తెలుసు: మరుసటి ఏడాది ఆ ట్రూపుకి పిలుపు ఉండదు.

బేస్ వాయించేవాడు కోరస్ కూడా పాడతాడు. చేతులు తీగల మీద, పెదవులు మైకు మీద. ఆంపు ఒక లైను మీద, మిక్సరు ఇంకో లైను మీద ఉండి, ఒకదానికి ఎర్తు ఉండి రెండోదానికి లేకపోతే ఆ రెంటినీ కలిపే వైరు ఆ మనిషే. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఇలాగే స్టేజి మీద, ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని జనం చూస్తుండగానే చనిపోయాడు. ఏభై ఏళ్ళు దాటింది. ఆ తరవాత ఏం చెయ్యాలో లోకమంతా నేర్చుకుంది, మన స్టేజి వర్క్ ఆర్డరు తప్ప.

పైగా మనది జ్యోతి వెలిగించే వేదిక. సభ అయ్యాక కూడా దీపం అక్కడే ఉంటుంది, అందుకని "చెప్పులు విప్పి ఎక్కండి" అంటారు. భక్తిగా విప్పుతాం. కింద ఎర్ర కార్పెట్టు. డిసెంబరు, జనవరి మంచుకి రాత్రి ఎనిమిదింటికే అది చెమ్మగిల్లుతుంది. బీచి పక్కన కట్టిన స్టేజి అయితే ఆ చెమ్మలో ఉప్పు కూడా ఉంటుంది. ఇనప ఫ్రేము మీద ప్లైవుడ్డు, దాని మీద తడి కార్పెట్టు, దాని మీద వట్టి పాదాలు. కరెంటు పారడానికి ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఎవరైనా బుద్ధిపూర్వకంగా చెయ్యగలరా అని మాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

మేం చేసుకునేవి మేం చేసుకుంటున్నాం. ముందు టెస్టరు పెడతాం. అది చిన్న లీకేజికి కూడా వెలుగుతుంది గనక దాన్ని పూర్తిగా నమ్మం. తరవాత చేతిని తిరగేసి వేళ్ళ వెనకవైపు తాకిస్తాం. షాకు కొడితే కండరం ముడుచుకుంటుంది. అరచేత్తో పట్టుకుంటే పట్టు బిగుసుకుపోతుంది, వెనకవైపయితే చెయ్యి విడిపోతుంది. పాడేవాళ్ళ మైకులకి స్పాంజి తొడుగులు వేస్తాం. జనం అది గాలి శబ్దం రాకుండా అనుకుంటారు.

ఇంకా కొందరు స్టేజి పక్కన షామియానా మేకు ఒకటి రెండడుగులు దిగ్గొట్టి, వైరు చుట్టి, బిందెడు నీళ్ళు పోసి "ఎర్తు వేశాం" అంటారు. మీ శాఖ వారు మాకు ఇచ్చిన చివరి జవాబులో "స్థానికంగా ఎర్తింగ్ ఏర్పాటు చేయబడినది" అన్నది ఈ మేకు గురించే. లెక్క మీరే చూడండి. పొడి ఇసకలో ఆ మేకుకి 50 ఓములు రెసిస్టెన్సు ఉందనుకుందాం, నిజానికి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఫేజు బాడీకి తగిలితే 230ని 50తో భాగిస్తే పారేది నాలుగున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే లోడు మించితే పడిపోయే స్విచ్చి, దానికి కదలదు. పైగా మేకుకి కట్టిన అన్ని ఆంపుల బాడీలూ ఇప్పుడు కలిసికట్టుగా లైవ్ అవుతాయి. మేకు లేనప్పుడు ఒక్కడికే షాకు, మేకు వేశాక అందరికీ. అదే లైను మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే లైను తెంచే స్విచ్చి, ఒకటి ఉంటే క్షణంలో పడిపోతుంది. అది డబ్బాలో అరచేయంత స్థలం తీసుకుంటుంది. కిందటేడు వేదిక మీద ఎల్ఈడీ వాల్ ఎంత స్థలం తీసుకుందో మేం కొలవలేదు.

ఇక హమ్ సంగతి, అంటే స్పీకర్లలో వచ్చే మోత. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. బేస్‌లో పై లావు తీగని, అంటే 'E' తీగని, మూడో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర నొక్కితే వచ్చే జీ (G) స్వరం సెకనుకి 49 సార్లు. ఎర్తు లేని స్టేజి మీద స్పీకర్ల నుంచి గుమ్మ్‌మని ఎడతెగకుండా వచ్చేది ఆ స్వరానికి ఒక్క అంకె పక్కన ఉంటుంది. జీ మేజర్ పాట ఎత్తుకుంటే చాలు, రెండూ సెకనుకొకసారి ఒకదాన్నొకటి మింగుతూ కక్కుతూ ఉంటాయి. కింద కూర్చున్నవాళ్ళు "బేస్ వాడికి శ్రుతి లేదు" అంటారు. జనరేటరు మీదయితే లోడు మారినప్పుడల్లా హమ్ స్వరం కూడా కాస్త అటూ ఇటూ జారుతుంది, అదొక వినోదం. లైటింగ్ డిమ్మర్లు కూడా అదే ఫేజు మీద ఉంటే గుమ్మ్ మీద జుయ్య్‌మని ఇంకొక పొర.

ఈ హమ్ ఆపడానికి సౌండు కుర్రాళ్ళు చేసే పని ఒకటుంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాం. ప్లగ్గు మూడో పిన్ను కటింగ్ ప్లేయరుతో విరిచేస్తారు, లేదా రెండు పిన్నుల కన్వర్టరు తగిలిస్తారు. ఎర్తు వైరు రెండు దారుల్లో చుట్టు తిరగడం వల్ల వచ్చే హమ్ అయితే దాంతో నిజంగానే ఆగిపోతుంది. అది ఆగిందంటే ఆ ఆంపుకి మిగిలిన రక్ష కూడా తెగిందన్నమాట. దీనికి సరైన మందు, గిటారుని మిక్సరుకి కలిపే డీఐ బాక్సు అనే చిన్న డబ్బా మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి. అది పాట వెళ్ళే కేబుల్ తొడుగునే విడదీస్తుంది, మెయిన్సు ఎర్తు జోలికి పోదు. ఆ కుర్రాళ్ళని తిట్టలేం. "ఆ గుర్రు ముందు ఆపవయ్యా" అని వాళ్ళ మీద అరిచేది వేదిక ముందు వరసలో ఉన్నవారే.

జనరేటరు గురించి కూడా మనవి. తమరు వేదిక మీద ఉన్నంతసేపూ లైను పోకూడదని జనరేటరు నడుపుతారు. తమరు కారెక్కాక డీజిలు మిగులుద్దామని ఆపేసి, మమ్మల్ని స్తంభం కరెంటు మీదకి మారుస్తారు. తమరి ప్రసంగానికి జనరేటరు, మా పాటకి స్తంభం. పోనీ జనరేటరయినా గట్టిదా అంటే, దాని బాడీకి రెండు విడివిడి ఎర్తు కనెక్షన్లు ఉండాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. మన జనరేటరు లారీ మీద ఉంటుంది. లారీ రబ్బరు టైర్ల మీద ఉంటుంది.

స్తంభం దగ్గర రాగి వైరునీ అల్యూమినియం వైరునీ మెలితిప్పి వదిలేస్తారు. ఆ రెండు లోహాలూ కలిసిన చోట తుప్పు పట్టి, వేడెక్కి, బిగువు వదులవుతుంది. వదులైంది న్యూట్రల్ అయితే మూడు ఫేజుల్లో లోడు తక్కువున్న దాని మీద వోల్టేజి 300 దాటి పోతుంది. లోడు తక్కువుండే ఫేజు ఎవరిదయ్యా అంటే, లైట్లవాళ్ళది కాదు, మాదే. ఒక్క నిమిషంలో కీబోర్డు అడాప్టరు, బేస్ ఆంపు, మిక్సరు వరసగా పోతాయి. రాత్రికి వచ్చే రెండు మూడు వేలల్లో రిపేరు కూడా మాదే.

ఇంకొకటి, స్తంభం దూరం. వంద మీటర్ల అవతల నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగి 15 ఆంపియర్ల లోడు పెడితే ఇంచుమించు 22 వోల్టులు దారిలోనే ఖర్చు. కింది స్వరం గట్టిగా పడ్డప్పుడల్లా స్టేజి లైట్లు తాళానికి తగ్గట్టు కన్ను కొడతాయి. అది ఎఫెక్టు అనుకుని ఈలలు వేసినవాళ్ళూ ఉన్నారు.

"వైర్‌లెస్ పెట్టుకోవచ్చు కదా" అని మీ కార్యాలయంలో సలహా చెప్పారు. నిజమే, గిటారుకీ ఆంపుకీ మధ్య వైరు లేకపోతే వాయించేవాడికి ఆ దారిన షాకు రాదు. మంచి సెట్టు కొనాలంటే ఎన్నో ప్రోగ్రాముల సంపాదన. సరే, కొంటాం. పాడే అమ్మాయి వైరు మైకు ఏమవ్వాలి? కీబోర్డు స్టాండు, ఇనప మెట్లు, ఎల్ఈడీ వాల్ ఫ్రేము? స్కూలు పిల్లల డాన్సుంటే వాళ్ళు ఆ ఫ్రేము పట్టుకునే నిలబడతారు.

సౌండ్ చెక్ గురించి ఒక్క ముక్క, ఎందుకంటే ఎర్తు చూసుకునేది అప్పుడే. నాలుగింటికి రమ్మంటారు, వస్తాం. అప్పటికి స్తంభం దగ్గర వైరే తగలదు. అయిదూ నలభై అయిదుకి కరెంటు వస్తుంది, అయిదూ ఏభైకి "వీఐపీలు వస్తున్నారు, స్టేజి ఖాళీ చెయ్యండి" అంటారు. సన్మానాలు తొమ్మిదిన్నర దాకా. ధ్వని కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం పదింటికి ఆపాలి. సాంస్కృతిక కార్యక్రమాలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం ప్రభుత్వానికి ఆ నిబంధనల్లోనే ఉంది. దాన్ని వాడమని ఇప్పుడు అడగడం లేదు. అరగంట అయినా షాకు లేకుండా వాయించుకుంటాం.

మేం అడుగుతున్నది వర్క్ ఆర్డరులో ఒక్క లైను. పూలకి లైనుంది, శాలువాలకి, మెమెంటోలకి, వీఐపీ సోఫాలకి వేసే తెల్లటి తొడుగులకి కూడా ఉంది. దానికింద ఎర్తింగ్ అని రాయించండి. స్టేజికి రెండు ఎర్తు పిట్లు (గుంతలు), ఒక్కొక్కదానిలో రెండున్నర మీటర్ల 40 ఎంఎం జీఐ (జింకు పూత ఇనప) పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు. సౌండుకి విడి ఫేజు, దాని మీద ఆర్‌సీసీబీ. జనరేటరు బాడీకీ న్యూట్రలుకీ ఎర్తు. తమరు వెళ్ళాక కూడా జనరేటరు నడవాలి. మధ్యాహ్నం మూడింటికల్లా కరెంటు ఇచ్చి, లైసెన్సున్న ఎలక్ట్రీషియను ఒకరు ఫేజుకీ ఎర్తుకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి కాగితం మీద సంతకం చెయ్యాలి. బల్బు నిండుగా వెలగాలి, లేదా ఆర్‌సీసీబీ పడాలి. రెండూ కాకపోతే ఎర్తు లేదని అర్థం. ఏదో ఒకటి చెయ్యండి బాబూ అని కూడా అనిపిస్తోంది, కానీ "ఏదో ఒకటి" అంటే మళ్ళీ మేకే వేస్తారని భయం.

ఈ సంక్రాంతి ఉత్సవాలకి మళ్ళీ పిలుపు వచ్చింది, వస్తున్నాం. తమరిని ఒక చెయ్యి మైకు మీద, ఒక చెయ్యి మా తీగల మీద వెయ్యమని అడగం, గన్‌మ్యాన్ గారు ఒప్పుకోరు. మల్టీమీటరు మాత్రం తెస్తాం. జ్యోతి వెలిగించాక రెండు నిమిషాలు ఆగి, అందులో అంకె ఎంతుందో తమరే మైకులో చదివి వెళ్ళగలరని ప్రార్థన.

ఇట్లు,
చెప్పులు విప్పి వాయించే
బేస్ గిటార్ వాద్యకారులు