అణాలను పైసలుగా చదవొద్దు

సంపాదకులకు నమస్కారం.

భూముల రీసర్వే వచ్చాక మన జిల్లాలో ట్రంకుపెట్టెల అడుగునున్న పాత దస్తావేజులు బయటికొస్తున్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 'రూ. 12-6-9' అంటే 12.69 కాదు. పన్నెండు రూపాయల ఆరణాల తొమ్మిది పైలు. ఇప్పటి లెక్కలో 12 రూపాయల 42 పైసలు.

1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి 192 పైలు. ఆ రోజు నుంచి రూపాయికి 100 నయాపైసలు. పాత నాణేలు కొన్నాళ్లు కొత్తవాటితో పాటే చెల్లాయి గనుక ఆ తర్వాతి చేతిరాత కాగితాల్లోనూ అణాలు కనిపించొచ్చు. పోల్చుకునే గుర్తు ఏమిటంటే, అణాల గడిలో అంకె 15 దాటదు, పైల గడిలో 11 దాటదు. 'పై'కీ 'న.పై.'కీ తేడా చూసుకోవాలి. మొదటిది అణాలో పన్నెండో వంతు, రెండోది రూపాయిలో నూరో వంతు. 'నయా' అన్న మాట 1964 జూన్ 1న పోయింది.

పాత సెటిల్‌మెంటు రిజిస్టర్లలో ఒకే వరుసలో విస్తీర్ణం 4-25 అనీ, శిస్తు 5-4-0 అనీ ఉంటాయి. ఎకరాలు, సెంట్లు అప్పటికే నూటి లెక్క. పక్క గడిలోది పదహారు లెక్క. రెండింటి మధ్యా అదే అడ్డగీత! శిస్తు 5.25 బదులు 5.40 అని పడితే కొంపేమీ మునగదు.

వాటాల దగ్గరే అసలు తంటా. ఆస్తి మొత్తాన్నీ ఒక రూపాయిగా లెక్కేసి ముగ్గురు అన్నదమ్ముల భాగపత్రంలో ఒక్కొక్కరికి 'రూపాయికి 0-5-4 వంతు' అని ఉందనుకోండి. ఐదణాల నాలుగు పైలంటే 64 పైలు, 192లో సరిగ్గా మూడో వంతు. 192 మూడుతో తెగుతుంది, 100 తెగదు. తలా 33 శాతం అని ఎక్కిస్తే మిగిలిన ఒక్క శాతం ఎవరిది? పదెకరాల్లో అది పది సెంట్లు. గట్టు మీద జానెడు జరిగితేనే పోలీస్ స్టేషన్ దాకా పోయే సీమలో పది సెంట్లు తక్కువా?

తుంగభద్ర అవతల అలంపురం వైపు కాగితాలకు మరో మెలిక. నిజాం కాలంలో అక్కడ నడిచింది హాలీ సిక్కా, అంటే నిజాం సొంత రూపాయి. అవీ అణాలే గానీ ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం.

విలువ మార్చాల్సి వస్తే అణాలను 12తో హెచ్చవేసి, పైలు కలిపి, 100తో హెచ్చవేసి 192తో భాగించాలి. అర పైసా, అంతకన్నా తక్కువ మిగిలితే వదిలేయడమే నాటి పద్ధతి. అందుకే బేడకు, అంటే రెండణాలకు, 12 నయాపైసలే వచ్చేవి. రెండు బేడలు విడివిడిగా మారిస్తే 24, కలిపి మారిస్తే 25!

కాబట్టి కంప్యూటర్ ఫారంలో పాత మొత్తాలకు రూ., అ., పై. అని మూడు గళ్లు పెట్టాలి. వాటాను 1/3 అని భిన్నంగానే రాయాలి. పైసల్లో విలువ కావాలంటే పక్కన వేసుకోవచ్చు, దస్తావేజులో ఉన్న అంకెను మాత్రం తీసేయకూడదు.

— ఒక పాఠకుడు, కర్నూలు