చందా అందాక కబురే ఉండదు

సంపాదకులకు నమస్కారం.

దాతలు తగ్గిపోతున్నారని స్వచ్ఛంద సంస్థలు వాపోతుంటాయి. జనంలో జాలి తగ్గిందంటే నేను ఒప్పుకోను. ఇచ్చినవాళ్లను పట్టించుకోకపోవడమే అసలు లోపం.

నేనొక సంస్థకు నెలనెలా కార్డు నుంచి కొంత డబ్బు వెళ్లేలా పెట్టుకున్నాను. కార్డు గడువు తీరి కొత్తది రావడంతో ఆ చెల్లింపు ఆగిపోయింది. అది నాకు తెలియనే లేదు. అక్కడి నుంచి ఫోన్ కాదు కదా, చిన్న మెసేజ్ కూడా లేదు. చాన్నాళ్లకు ‘ప్రియమైన దాతకు’ అంటూ అందరికీ పంపే విజ్ఞప్తి ఒకటి వచ్చింది. అన్నాళ్లు ఇచ్చిన ఊసే అందులో లేదు. మనసు చివుక్కుమంది.

అమెరికాలో విరాళాల తీరును లెక్కగట్టే ఫండ్‌రైజింగ్ ఎఫెక్టివ్‌నెస్ ప్రాజెక్ట్ నివేదికలు చూస్తే, కొన్నేళ్లుగా మొదటిసారి ఇచ్చినవాళ్లలో నాలుగో వంతు మంది కూడా మరుసటి ఏడాది మళ్లీ ఇవ్వడం లేదు. రెండోసారి ఇచ్చినవాళ్లు అంత తేలిగ్గా వదిలిపోరు. అంటే సంస్థ శ్రద్ధంతా పెట్టాల్సింది మొదటి చందాకూ రెండోదానికీ మధ్య. కానీ డబ్బంతా కొత్తవాళ్ల కోసం ప్రకటనలకే పోతోంది. చాలాసార్లు ఆ ఖర్చు కొత్త దాత ఇచ్చే మొదటి చందాను మించిపోతుంది కూడా.

రసీదు కంప్యూటరే పంపుతుంది. దాత ఎదురుచూసేది తన డబ్బు ఏమైందన్న కబురు కోసం. బడికి బెంచీలు కొంటామని తీసుకుంటే, కొన్నాక ఆ మాట రాయాలి. ఆలస్యమైతే ఎందుకైందో రాయాలి, దానికెవరూ కోపగించుకోరు. ఆ కబురు దాతకు అందేదాకా మళ్లీ చెయ్యి చాచకూడదు. 1993లో అమెరికాలోని నిధుల సేకరణ సంఘాలు కలిసి తయారుచేసిన దాతల హక్కుల పత్రంలో, డబ్బు చెప్పిన పనికే వాడతారన్న భరోసా, అడిగిన ప్రశ్నకు వెంటనే నిజమైన జవాబు, ఈ రెండూ ఉన్నాయి. ఇంతకంటే ఎక్కువ ఏ దాతా కోరడు.

మన తప్పూ లేకపోలేదు. ఆఫీసు ఖర్చు ఎంత తక్కువైతే అంత మంచి సంస్థ అనుకుంటాం. దాతలకు ఫోన్ చేసి మాట్లాడే మనిషి జీతం ఆ ఖర్చులోదే కదా! దాన్ని దండగ అనడం మానాలి.

సంస్థల పాలకవర్గాలు కూడా కొత్తగా ఎంతమంది చేరారనే అడుగుతాయి. నిరుడు ఇచ్చినవాళ్లలో ఈ ఏడు ఎంతమంది మళ్లీ ఇచ్చారో ప్రతి సంస్థా తన వార్షిక నివేదికలో అచ్చువేయాలని నా విన్నపం.

— ఒక పాఠకురాలు