తప్పు లెక్క చెప్పే ప్రాసెసర్ కోర్‌ను పట్టించిన నలుగురికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా క్లస్టర్ (కలిసి ఒకే పని చేసే కంప్యూటర్ల గుంపు) మళ్లీ నమ్మదగ్గ జవాబులు ఇస్తోంది. దానికి కారణమైన నలుగురూ తమ పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. ఎవరు ఏం చేశారో మాత్రం వివరంగా చెప్తాను. ఇదే తలనొప్పి ఇంకెవరికైనా వస్తే పనికొస్తుంది.

మాది 64 నోడ్ల క్లస్టర్, అంటే 64 కంప్యూటర్లు. వాటిని కలిపే ఇన్ఫినీబ్యాండ్ అనే వేగవంతమైన నెట్‌వర్క్, దాని మీద ఎంపీఐతో (ప్రోగ్రామ్ ముక్కలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) నడిచే సిమ్యులేషన్. ఒక్కోసారి జాబ్ ఉన్నట్టుండి నత్తనడక పట్టేది. ఇంకోసారి చక్కగా టైముకే ముగిసేది కానీ జవాబు తేడాగా ఉండేది. లాగ్‌లలో ఎర్రర్ అన్న మాటే లేదు. మెషీన్లు అమ్మినవాళ్లేమో హార్డ్‌వేర్ అంతా ఓకే, మీ ప్రోగ్రామ్ చూసుకోండి అని మా ఫిర్యాదు టికెట్ మూసేశారు.

ముందుగా మేడమ్‌కి. స్విచ్ చిప్‌ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. మేం పంపిందంతా చదివి, ఇది ఒక జబ్బు కాదు, రెండు అన్నారు. కేబుల్ పాడైతే పని నెమ్మదిస్తుంది తప్ప లెక్క తప్పడం దాదాపు జరగదట. ప్రతి ప్యాకెట్‌కీ (పంపే డేటా ముక్కకీ) సీఆర్‌సీ చెక్, అంటే దారిలో డేటా చెడిందా అని పట్టే అంకె, ఉంటుంది, చెడిపోయిన ప్యాకెట్‌ను అవతలివైపు పారేస్తుంది, పంపినవాళ్లు మళ్లీ పంపుతారు. కాబట్టి స్లో అవడాన్నీ తప్పు జవాబునూ విడివిడిగా వెతకమన్నారు. ఆ ఒక్క మాట లేకపోతే మేం ఇంకా కేబుళ్ల చుట్టూనే తిరుగుతూ ఉండేవాళ్లం.

స్లో అయ్యే సంగతి తొందరగానే తేలింది. నాలుగు లేన్లతో (డేటా పక్కపక్కనే వెళ్లే దారులు) నడవాల్సిన ఒక లింక్ ఒకే లేన్‌కు పడిపోయి, ‘యాక్టివ్’ అని చూపిస్తూ కూర్చుంది. అంటే వేగం నాలుగో వంతు. ఎర్రర్ కౌంటర్ల గురించి మేడమ్ చెప్పింది కూడా గుర్తుపెట్టుకోండి: సింబల్ ఎర్రర్ల (తీగ మీద సరిగ్గా చదవలేకపోయిన సిగ్నల్స్) పాత కౌంటర్ 16 బిట్లదే, 65535 దగ్గర ఆగిపోతుంది. ఆ అంకె కనిపిస్తే అది లెక్క కాదు, కౌంటర్ నిండిపోయిందని అర్థం. సున్నా చేసి, లోడ్ పెట్టి, మళ్లీ చదవాలి. ఇంకోటి, ఎర్రర్లు అందుకునే వైపు నమోదవుతాయి, దోషం కేబుల్‌లోనో పంపే వైపో ఉండొచ్చు.

ఇక్కడే డేటా సెంటర్ టెక్నీషియన్ అన్నకి థ్యాంక్స్. అనుమానం ఉన్న కేబుల్‌ను ఊరికే మార్చేయకుండా, బాగున్న పోర్ట్‌కి తగిలించి చూశాడు. ఎర్రర్లు కేబుల్‌తో పాటే వెళ్లాయి. పోర్ట్ బాగానే ఉందని, స్విచ్ మార్చక్కర్లేదని ఆ ఒక్క పనితో తేలిపోయింది.

తప్పు జవాబు మాత్రం మా అందరినీ ఏడిపించింది. న్యూమరికల్ లెక్కల్లో అనుభవం ఉన్న సార్ ఒకరు మొదట అడిగిన ప్రశ్న: తేడా ఎక్కడ, చివరి అంకెల్లోనా, మధ్యలోనా? దశాంశ సంఖ్యలను కంప్యూటర్ ఏ వరుసలో కూడితే దాన్నిబట్టి చివరి అంకెలు మారతాయి. వందల ప్రాసెస్‌ల (ఒకేసారి నడిచే ప్రోగ్రామ్ ముక్కల) మొత్తాలు కలిపేటప్పుడు ఆ వరుస ప్రతిసారీ ఒకేలా ఉంటుందన్న గ్యారంటీ లేదు. అది హార్డ్‌వేర్ తప్పు కాదు. ఆయన చెప్పినట్టు కూడే వరుసను ఫిక్స్ చేశాం. చిన్న తేడాలన్నీ మాయమయ్యాయి. పెద్ద తేడా మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. అప్పుడు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే మెమరీకి ఈసీసీ (బిట్ తప్పులను పట్టి సరిచేసే ఏర్పాటు) కాపలా ఉంది, తీగలకు సీఆర్‌సీ ఉంది, మిగిలింది కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో యూనిట్) లోపల గుణించి కూడే భాగమే. చాలా ప్రాసెసర్లలో దాని జవాబును మళ్లీ సరిచూసేది ఏదీ ఉండదు.

ఇది మా పిచ్చి ఊహ కాదని సార్ ఒక ఉదాహరణ చూపించారు. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ప్రచురించిన పేపర్‌లో, 1.1ని 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకంగా తీసుకుంటే 156 రావాల్సిన చోట ఒక ప్రాసెసర్‌లోని 59వ కోర్ సున్నా ఇచ్చింది. 52వ ఘాతానికి మాత్రం సరైన జవాబే.

చివరగా, ఇంకా చదువుకుంటున్న తమ్ముడికి. మేం నోడ్లను సగం సగం చేసి వెతుకుదామనుకుంటుంటే అతను వద్దన్నాడు. అప్పుడప్పుడే వచ్చే లోపమైతే, పాసైన సగం నిజంగా మంచిదో, ఆ పూటకి తప్పించుకుందో ఎలా తెలుస్తుంది? దానికి బదులు చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాడు. నెట్‌వర్క్ జోలికి పోకుండా ప్రతి కోర్ ఒకే లెక్క పదే పదే చేసి, జవాబు మిగతావాటితో సరిపోల్చుకుంటుంది. చాలాసేపు అన్నీ ఒకే మాట చెప్పాయి. మెషీన్లు బాగా వేడెక్కాక ఒకే ఒక్క నోడ్‌లో, ఒకే కోర్, వెక్టర్ గుణకారంలో (ఒకేసారి చాలా సంఖ్యలను గుణించే పనిలో) తప్పడం మొదలుపెట్టింది. చల్లబడితే మళ్లీ బుద్ధిమంతురాలు! అందుకే రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు పెట్టిన టెస్టులన్నీ పాసయ్యేవి.

ఆ ఫలితం చూపిస్తే మూసేసిన టికెట్‌ను తెరిచి ప్రాసెసర్ మార్చారు, వాదన లేకుండా. మేడమ్, అన్నా, సార్, తమ్ముడూ, మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీలో ఎవరూ పైసా అడగలేదు, మా ప్రోగ్రామ్‌ను తిట్టనూ లేదు.

ఆ టెస్ట్ ప్రోగ్రామ్ కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను. తమ్ముడిని అడిగే చెప్తున్నాను. మెషీన్ వేడెక్కేదాకా నడపడం మాత్రం మర్చిపోకండి.