మన ఎండలకు తేనెమైనం ఆగదు

సంపాదకులకు,

వేసవి సెలవులొస్తే అపార్ట్‌మెంట్ క్లబ్బుల్లో, పట్టణాల్లోని పార్లర్లలో పూల్ టేబుళ్లకు కొత్త గుడ్డ వేయించడం మొదలవుతుంది. గుడ్డ ఆకుపచ్చదా నీలందా అని కమిటీలు గంటలకొద్దీ తేల్చుకుంటాయి గానీ, దాని కింద స్లేటు రాతి పలకల అతుకుల్లో ఏం నింపుతున్నారని అడిగేవాళ్లు తక్కువ. నెమ్మదిగా వెళ్లే బంతి దారి తప్పేది ఎక్కువగా ఆ అతుకుల దగ్గరే.

పూల్ టేబుల్‌కు మామూలుగా మూడు స్లేటు పలకలుంటాయి, మంచి బల్లలో ఒక్కోటి అంగుళం మందం. పన్నెండడుగుల స్నూకర్ బల్లకు ఐదు. సందుల్లో తేనెమైనం కరిగించి పోసి, గట్టిపడ్డాక బ్లేడుతో గీకెయ్యమని అమెరికన్ వీడియోలు చెబుతాయి. వాటిని చూసి ఇక్కడా అదే చేస్తున్నారు. తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరిగినా, 40 డిగ్రీలకే వేలితో నొక్కితే లొంగుతుంది. రేకుల కప్పు కింద నడిచే పార్లర్‌లో మే నెల మధ్యాహ్నం ఆ వేడి మామూలే. మెత్తబడిన మైనం సందులోకి దిగుతుంది, చల్లబడ్డాక కుంచించుకుపోతుంది, గుడ్డ కింద సన్నని గాడి మిగులుతుంది. స్నూకర్ బల్లకైతే అసలు ఆలోచనే వద్దు. ఆ గుడ్డకు ఇస్త్రీ చేస్తారు, కొన్నిచోట్ల పలకల కింద హీటర్లూ పెడతారు. మైనం కరిగి గుడ్డకు పట్టిందంటే ఆ మరక పోదు.

పగలూ రాత్రీ ఏసీ నడిచే హాల్లో మైనం పెట్టుకోవచ్చు. కొత్త భవనంలో నేల కుంగి పలక కదిలినా తేలిగ్గా గీకేసి మళ్లీ లెవెల్ చేసుకునే వీలుంటుంది. కొవ్వొత్తి మైనం మాత్రం ఎక్కడా వద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, గోడలకు పెట్టే లప్పం చవకే గానీ ఆట మొదట్లో బంతుల గుంపును బలంగా కొట్టే బ్రేక్ షాట్ల అదురుకు పొడిపొడిగా రాలి గుడ్డ కింద ఇసుకలా తగులుతాయి. రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ జిగురు చాలా మొండిగా గట్టిపడుతుంది. చదును చేయబోతే చుట్టూ స్లేటు అరుగుతుంది, బల్ల విప్పేటప్పుడు పలక అంచు పెచ్చులూడుతుంది.

మన వాతావరణానికి సరిపోయేది కార్ల టింకరింగ్ షెడ్లలో సొట్టలు పూడ్చడానికి వాడే పాలిస్టర్ బాడీ ఫిల్లర్. ఎనిమిదడుగుల బల్లకు రెండు అతుకులు, మరమేకుల గుంతలు కలిపి 150 గ్రాములు చాలు. అది గట్టిపడేందుకు కలిపే హార్డ్‌నర్ బరువులో రెండు శాతం, అంటే 50 గ్రాముల ఫిల్లర్‌కు ఒక గ్రాము. త్వరగా ఆరాలని ఎక్కువ కలిపితే పెళుసుబారుతుంది. ఎండాకాలంలో కలిపిన కొద్ది నిమిషాలకే బిగుసుకుంటుంది కాబట్టి ఒకసారికి ఒక అతుకుకు సరిపడానే కలపాలి. గబగబా చిలికితే గాలి బుడగలు చేరి, తర్వాత సూదిమొన రంధ్రాలు తేలతాయి.

సందు మొత్తం నింపొద్దు. లోపలికి మాస్కింగ్ టేపు మడిచి దూర్చి, పైన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఫిల్లర్ పెట్టాలి. అడుగుదాకా దిగితే రెండు పలకలూ ఒకదానికొకటి అంటుకుపోతాయి. వెడల్పాటి పుట్టీ బ్లేడుతో లాగి, జున్నులా కోతకొచ్చే దశలో పదునైన బ్లేడును పడుకోబెట్టి మిగులు తీసెయ్యాలి. ఆ దశ దాటితే ఎమరీ పేపరే గతి. చెక్క దిమ్మకు చుట్టి 120 నంబరుతో, ఫిల్లర్ మీదే, రాయి మీద కాదు. తర్వాత దుమ్మును చీపురుతో కాకుండా వాక్యూమ్‌తో లాగాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఒక పలక పక్కదానికంటే ఎత్తుగా ఉంటే, జానెడు వెడల్పున ఫిల్లర్ పూసి వాలు చేసి కప్పేస్తారు. కంటికి కనిపించదు, బంతికి తెలుస్తుంది. పోటీ బల్లల ప్రమాణం ప్రకారం అతుకు దగ్గర పలకల మధ్య తేడా 0.127 మిల్లీమీటర్లు మించకూడదు. పేకముక్క మందం సుమారు 0.3. కాబట్టి ముందు ఫ్రేముకూ పలకకూ మధ్య సన్నని షిమ్ములు (ఎత్తు సరిచేసే పలుచటి ముక్కలు) పెట్టి లెవెల్ తేవాలి, మరలు బిగించాలి, బిగింపుకు పలక కదిలిందేమో మళ్లీ చూడాలి. ఫిల్లర్ ఆ తర్వాతే. స్టీలు స్కేలును అతుకు మీద అంచున నిలబెట్టి, వెనక టార్చిలైటు వేస్తే వెలుతురు ఎక్కడ చొరబడుతోందో తెలిసిపోతుంది.

పాత మైనం ఉన్న బల్లకు ఫిల్లర్ పెట్టేవాళ్లకు ఇంకో మాట. రాయిలో ఇంకిన మైనం మీద పాలిస్టర్ పట్టదు, పెచ్చులా లేచొస్తుంది. హీట్‌గన్‌తో మెత్తబరిచి గీకి, సెగ పూర్తిగా చల్లారాక థిన్నర్ గుడ్డతో రెండు మూడు సార్లు తుడవాలి. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోవాలి. గ్యాస్ టార్చి వాడితే పలక కింద అతికించిన చెక్క మాడే ప్రమాదముంది.

క్లబ్బు కమిటీలకు మా విన్నపం: గుడ్డ కంపెనీ పేరుతోపాటు అతుకుల్లో ఏం నింపారో కూడా బిల్లు మీద రాయించుకోండి. మళ్లీ గుడ్డ మార్చేటప్పుడు వచ్చే మెకానిక్ బ్లేడు తేవాలా, హీట్‌గన్ తేవాలా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

- పూల్, స్నూకర్ టేబుళ్లు బిగించే మెకానిక్కులు, విజయవాడ